రెండు పోలరాయిడ్ ముక్కలు, ఒక ప్లాస్టిక్ స్కేలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చేసే పనేందిరా?" అని పొద్దుటి నుంచి చాలామంది అడిగారు. కాంతి ధ్రువణాన్ని కొలిచే పరికరాలు డిజైన్ చేస్తాను. కాంతి తరంగం ఏ దిక్కున ఊగుతోందో చెప్పే పరికరాలన్నమాట. ఇది మన ఊరికి కొత్తేం కాదు. కనిగిరి రిజర్వాయరు కట్ట మీద నిలబడితే కళ్లు చెదరగొట్టే ఆ నీటి మెరుపు చాలావరకు అడ్డంగా ఊగే కాంతే. కోవూరు చక్కెర ఫ్యాక్టరీ మనకు తెలియనిది కాదు. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబుల్లో పోలారిమీటరు ఉంటుంది. 26 గ్రాముల శుద్ధమైన చక్కెరను 100 మిల్లీలీటర్ల ద్రావణం చేసి 20 సెంటీమీటర్ల గొట్టంలో పోస్తే, సోడియం దీపపు పసుపు కాంతి ధ్రువణ తలం సుమారు 34.6 డిగ్రీలు తిరుగుతుంది. దాన్నే స్కేలు మీద 100 అంటారు. చెరకు రసంలో చక్కెర లెక్క అక్కణ్ణుంచే.

నా పరికరంలో హాఫ్‌వేవ్ ప్లేటు తిరుగుతుంది, దాని వెనక పోలరాయిడ్ కదలకుండా ఉంటుంది. ప్లేటు ఒక చుట్టు తిరిగేలోపు వెలుతురు నాలుగుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్లోంచే ధ్రువణం ఎంతో, ఏ దిక్కో లెక్కకడతాం.

నేను మొదట చేసిన పరికరం పూర్తిగా ధ్రువితమైన కాంతి పంపినా తక్కువే చూపేది. అదీ పొద్దున ఒక లెక్క, మధ్యాహ్నం ఒక లెక్క. నాలుగు నెలలు ఎలక్ట్రానిక్స్‌ని అనుమానించాను. ఒక రాత్రి ఉన్నట్టుండి మన ఫిజిక్స్ మాస్టారు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో రెండు పోలరాయిడ్ ముక్కల మధ్య ప్లాస్టిక్ స్కేలు పెట్టి వంచితే రంగులు పరుగెత్తాయి, జ్ఞాపకముందా? ఒత్తిడి పడిన చోట పదార్థం ధ్రువణాన్ని మార్చేస్తుంది. వెంటనే ముందున్న లెన్సును బిగింపుతో సహా రెండు పోలరాయిడ్ల మధ్య పెట్టి చూశాను. మూడు మరలు తగిలిన చోట్ల మూడు తెల్లటి మచ్చలు! కదలకూడదని నేనే గట్టిగా బిగించాను. వదులు చేస్తే మచ్చలు పోయాయి. నాలుగు నెలల రీడింగులూ పోయాయి.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ వెళ్లింది. అందులోని పోలిక్స్ ఎక్స్‌ కిరణాల ధ్రువణం కొలుస్తుంది, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తయారుచేశారు. దానికి లెన్సూ లేదు, ప్లేటూ లేదు. మధ్యలో కిరణాలను చెదరగొట్టే దిమ్మె, నాలుగు వైపులా డిటెక్టర్లు. ప్లేటుకు బదులు ఉపగ్రహమే తిరుగుతుంది. బిగించడానికి లెన్సే లేదు కదా, నాకు కాస్త అసూయే.

ఆ పోలరాయిడ్ ముక్కలు ఇంకా ల్యాబు బీరువాలోనే ఉన్నాయని ఇందాక మాస్టారు చెప్పారు. భోజనాలయ్యాక ఒకసారి తాళం తీయిస్తారా మాస్టారూ? స్కేలు నేను తెచ్చాను.