కొత్వాలు వెంకటరామారెడ్డిగారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన పెద్దవూర గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను రెండు మాటలు చెప్పుమని నిర్వాహకులు కోరినారు. కవులనుగూర్చియు, పండితులనుగూర్చియు చెప్పుటకు నాకంటె సమర్థులు ఈ వేదికపై నున్నారు. నేనొక పోలీసు అధికారినిగూర్చి చెప్పదలచినాను. గ్రంథాలయ సభలో పోలీసు ప్రస్తావన యేల యని మీకు తోచవచ్చును. దానికి జవాబే నా ప్రసంగము.

నిజాము పాలనలో మన పల్లెలవారికి పోలీసనగా భయమే. అమీను వచ్చుచున్నాడన్న కబురు ముందుగా చేరిన ఊరిలో తలుపులు మూతపడెడివి. ఆయన పరివారమునకు కోడి, గొఱ్ఱె, గడ్డి, వెట్టిమనిషి, అన్నియు ఊరివారే సమకూర్పవలెను. సభ జరుపుకొనుటకు గస్తీ నిషాన్ 53 ప్రకారము సర్కారు అనుమతి పొందవలెను. తెలుగునకు గౌరవము లేని కాలమది. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. మరుసటి సంవత్సరము, 1922లో, మన నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించినారు.

ఆ దినములలోనే హైదరాబాదు నగరమునకు కొత్వాలుగా నుండినవారు వెంకటరామారెడ్డిగారు. ఆయన 1869లో పాలమూరు సీమలో జన్మించెను. పసితనముననే తల్లిని పోగొట్టుకొని అమ్మమ్మ పెంపకములో పెరిగెను. పోలీసు శాఖలో అమీనుగా చేరి, మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 1920లో కొత్వాలు పదవి నందుకొనెను. అంతకు పూర్వము ఆ పదవి యే హిందువునకును దక్కలేదు. పదునాలుగేండ్లు, అనగా 1934 వరకు, తన యరువదియైదవ యేట గాని ఆయన దానిని విడువలేదు. 'రాజా బహద్దూర్' బిరుదము ప్రభుత్వమే యిచ్చినది. కాని జనులు ఆయనను తలచుకొనుట బిరుదమువలన కాదు.

జిల్లాలనుండి చదువుకై నగరమునకు వచ్చు పిల్లలకు ఆనాడు తల దాచుకొను చోటు లేదు. ఊరిలో భూమియున్న కుటుంబమువారైనను పట్టణములో పిల్లవాని నెవరి యింట నుంచవలెనని తండ్రులు బెంగపడెడివారు. ఆ బెంగకు చదువులే ఆగిపోవుచుండెను. ఈ కష్టమును గుర్తించి వెంకటరామారెడ్డిగారు తోడివారితో కలిసి 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పినారు. కొత్వాలైన పిదపను దానిని తన బిడ్డవలె సాకినారు.

ఆ హాస్టలులో ఒక గొప్ప గ్రంథాలయము పెరిగినది. దానిని పెంచినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించినవారును, 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినవారును ఆయనయే. పల్లెపిల్లలు తెలుగు పుస్తకమును, పత్రికను చేతపట్టుటకు అచ్చట అలవాటుపడిరి. నాటి మన జిల్లాలోని బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డిగారు ఆ హాస్టలు విద్యార్థియే. పిదప ఆయనయే నిజాము పాలనపై సాగిన సాయుధపోరాటమునకు నాయకులలో నొకడైనాడు. నిజాము కొత్వాలు కట్టించిన నీడలో చదివినవాడు నిజామునే ఎదిరించినాడు!

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. వెంకటరామారెడ్డిగారు ఉద్యమకారుడు కాడు. కడవరకు తన ప్రభువునకు విధేయుడైన ఉద్యోగి. ఆ ప్రభుత్వము ప్రజలను పెట్టిన బాధలు మన పెద్దలు మరువలేదు, మరువనక్కరలేదు. అయినను తాను కూర్చున్న కుర్చీనుండి చేయదగిన మేలును ఆయన చేసినాడు. దారిలో కనబడిన బీదవానికి ఒక రూపాయి యిచ్చి సాగిపోవుట సులభము. పిల్లలకు బసయు, భోజనమును, పుస్తకమును ఏర్పరచి, తాను పోయిన పిదపను అవి నిలుచునట్లు చూచుట కష్టము. ఆయన 1953లో కాలధర్మము నొందినాడు. నేటికిని నారాయణగూడలో ఆయన పేర మహిళా కళాశాల నడచుచున్నది. తెలంగాణ పోలీసు అకాడమీకిని ఆయన పేరే పెట్టినారు.

ఈ మాట ప్రత్యేకముగా చెప్పుటకు కారణమున్నది. నేడు గ్రామగ్రంథాలయములలో ఉదయమునుండి సాయంకాలమువరకు కూర్చుండి పోలీసు ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీయువకులు పెక్కుమంది. మన గ్రంథాలయమునుండి కూడ ఖాకీ దుస్తులు ధరించువారు బయలుదేరవలెనని నా కోరిక. నాయనలారా, అమ్మలారా! మీరు ఠాణాలో కూర్చున్ననాడు చదువురాని ముసలమ్మ యొకతె అర్జీ పట్టుకొని గుమ్మముకడ నిలుచును. ఆమెకు మీరు మొదట చూపవలసినది కుర్చీ, అడుగవలసినది కష్టము. అప్పుడు మన తాతలు మూసుకొనిన తలుపులు తెరచుకొనును.

గ్రామస్థులకు నా మనవి యొక్కటే. బల్బు, బెంచీ, కొత్త పుస్తకము, ఎవరి శక్తికొలది వారు ఈ గ్రంథాలయమున కిచ్చి దీనిని నిలుపుడు. స్వర్ణోత్సవమునాటికి మన పిల్లల పిల్లలు ఇచ్చటనే కూర్చుండి చదువుకొందురు గాక!