ముందు జారకుండా, తర్వాతే అందంగా: అద్దె ఇంటి బాత్రూమ్‌కి మూడు మార్పులు

ఈ ఎపిసోడ్‌లో మన బాత్రూమ్‌ని మనమే ఎలా బాగుచేసుకోవచ్చో చూద్దాం. టైల్స్ పగలగొట్టే పనిలేదు. ఒక ఆదివారం చాలు.

బాత్రూమ్ మేకోవర్ అని వెతికితే ఫోన్‌లో ఏం వస్తాయి? స్టిక్కర్లు, రంగురంగుల లైట్లు, మనీ ప్లాంటు. బాగుంటాయి, కాదనను. కానీ మా నాన్నమ్మ పీట మీద కూర్చుని స్నానం చేస్తుంది, లేచేటప్పుడు కుళాయి పట్టుకుని లేస్తుంది. అది ప్లాస్టిక్ కుళాయి. ఏదో ఒకరోజు విరిగితే? ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ నడవడమే కష్టమైపోతుంది. అందుకే నేను అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఒకటి, నేల. జారేది నీళ్ల వల్ల మాత్రమే కాదు, సబ్బు జిడ్డు, పాచి వల్ల. ముందు సర్ఫ్ నీళ్లు పోసి గట్టి బ్రష్‌తో రుద్దండి. బోరు నీళ్ల తెల్ల మరకలు ఉంటే అది సున్నం. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. మగ్గు గోరువెచ్చని నీళ్లలో రెండు స్పూన్లు కలిపి, మరక మీద పోసి, పది నిమిషాలాగి రుద్దండి. మార్బుల్ మీద మాత్రం వద్దు, మెరుపు పోతుంది. ఇంకో ముఖ్యమైన మాట: యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నిమ్మ ఉప్పు కూడా యాసిడే, గుర్తుంచుకోండి. నేల ఆరాక రబ్బరు మ్యాట్ వేయండి. వారానికోసారి ఎత్తి ఆరబెట్టకపోతే దాని కిందే పాచి పడుతుంది.

రెండు, పట్టుకునే హ్యాండిల్. గోడకి అతుక్కునే సక్షన్ హ్యాండిల్స్‌ని మనిషి బరువుకి నమ్మొద్దు. స్టీలు హ్యాండిల్ కొని స్క్రూలతో బిగించండి. అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌ని అడగండి. "పెద్దావిడ కోసం అంకుల్" అంటే చాలామంది ఒప్పుకుంటారు. కుళాయికి నేరుగా పైనా కిందా డ్రిల్ చేయకండి, లోపల పైపు ఉండొచ్చు. గీజర్ వైరు వెళ్లే దారి కూడా వదిలేయండి. టైల్‌ని వేలితో కొట్టి చూడండి, డొల్లగా మోగితే అక్కడ వద్దు. రంధ్రం పెట్టేచోట టేప్ అతికించి, టైల్ దాటేదాకా హ్యామర్ మోడ్ ఆపి, నెమ్మదిగా వెళ్లండి. ఎత్తు మాత్రం కొలతతో కాదు, మనిషితో చూడండి. నాన్నమ్మని పీట మీద కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడికి వెళ్తుందో అక్కడ పెన్సిల్‌తో గీశాను. బిగించాక ముందు నా బరువంతా వేసి లాగి చూశాను, ఆ తర్వాతే ఆవిడకి చూపించాను.

మూడు, వెలుతురు, గడియ. మసక బల్బు తీసేసి మంచి ఎల్ఈడీ పెట్టండి. పెద్దవాళ్లు లోపల గడియ పెట్టుకోకుండా తలుపు బయట "లోపల ఉన్నారు" అని ఒక అట్ట వేలాడదీయండి. ఏదైనా అయితే తలుపు విరగ్గొట్టే అవసరం రాదు.

గీజర్ వైరింగ్ మాత్రం మీరు ముట్టుకోకండి, ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

ఇవన్నీ అయ్యాక స్టిక్కర్లు, మొక్కలు మీ ఇష్టం! ఇంట్లో పెద్దవాళ్లు బాత్రూమ్‌లో దేన్ని పట్టుకుని లేస్తున్నారో ఇవాళే అడగండి. కామెంట్లో చెప్పండి.