రంగు నీళ్లు ఎక్కడికి పోతాయి?

(షోలాపూర్ దాజీ పేట్‌లో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)



పిల్లలకు పర్యావరణ శాస్త్రం గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. మీ పుస్తకంలో నేల కాలుష్యం, నీటి కాలుష్యం అని రెండు పాఠాలు ఉంటాయి. నిర్వచనం, కారణాలు, నివారణ, అయిదు మార్కులు. మేమూ ఆ పాఠాలే చెబుతాం. కాకపోతే మీ ఇంట్లో దండెం మీద ఆరేసిన ఎర్ర టవలుతో మొదలుపెడతాం.

ఆ నూలు మొదట తెల్లది. దానికి రంగు వేసే తొట్టిలో మూడు పడతాయి: రంగు, ఉప్పు, సోడా. నీళ్లలో ఉన్న రంగును నూలు వైపు నెట్టడం ఉప్పు పని. దాన్ని నూలుకు గట్టిగా పట్టించడం సోడా పని. ముదురు రంగు కావాలంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల పైనే ఉప్పు వేస్తారు. కిలో నూలుకు పది లీటర్ల నీళ్లనుకోండి, అర కిలో ఉప్పు అయింది. మీ అమ్మ ఎన్నో రోజులు కూరలో వేసే ఉప్పు ఒక్క కిలో నూలుకు పోతుంది. ఇప్పుడు చెప్పండి, ఆ ఉప్పులో టవలులో మిగిలేది ఎంత? ఏమీ మిగలదు. మొత్తం కడిగిన నీళ్లతో బయటికి పోతుంది. రంగులో కూడా పట్టనిది పోతుంది, సోడా పోతుంది.

మా చిన్నప్పుడు మోరీలో పారే నీళ్లను చూసి, ఈ వారం ఏ రంగు ఆర్డరు వచ్చిందో చెప్పేవాళ్లం. అది మాకు ఆట. రంగు కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. రంగు వల్ల హాని లేదని కాదు. కొన్ని అజో రంగులు విరిగితే క్యాన్సర్ తెచ్చే పదార్థాలు పుడతాయి. వాటిని జర్మనీ 1994లో నిషేధించింది, మన దేశం 1997లో నిషేధించింది. తొట్టిలో చేతులు పెట్టినవాడి చర్మం కంటే టవలు కొన్నవాడి చర్మం ముందు గుర్తుకొచ్చింది లోకానికి. పోనీ, ఏదో ఒకలా ఆగింది.

నీటి పాఠంలో అసలు మాట ఆక్సిజన్. శుభ్రమైన నీళ్లలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. చేప బతికేది దానితోనే. మురుగు, గంజి, సబ్బు వచ్చి పడితే వాటిని తినడానికి సూక్ష్మజీవులు పెరుగుతాయి, అవీ ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. తినేది ఎక్కువైతే చేపకు ఊపిరాడదు. పుస్తకంలో బీఓడీ అని మూడక్షరాలు ఉంటాయే, ఆ సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క అది.

ఉప్పు సంగతి వేరు. దాన్ని ఏ జీవీ తినదు. పటిక వేస్తే రంగు అడుగుకు దిగుతుంది, ఉప్పు దిగదు. పైకి తేటగా కనిపించే నీళ్లలో కూడా ఉంటుంది. అది బోరులోకి దిగితే తాగే నీళ్లు చెడతాయి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని మన భారతీయ ప్రమాణం. వేరే గతి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది.

నేల పాఠం కూడా ఇక్కడే ఉంది. మన చుట్టూ ఉన్నది నల్లరేగడి. అందులో బంకమన్ను ఎక్కువ. ఉప్పులో, సోడాలో ఉన్న సోడియం ఆ బంకమన్ను రేణువులను విడదీస్తుంది. విడిపోయిన రేణువులు సందులన్నీ మూసేస్తాయి. పైన నీళ్లు నిలుస్తాయి, కింద వేరు ఎండుతుంది. ఇంట్లోనే చూడొచ్చు: ఎండిన మట్టిగడ్డను గ్లాసు నీళ్లలో మెల్లగా వదలండి. విరిగి కూలినా నీళ్లు తేటగా ఉంటే పరవాలేదు. గడ్డ చుట్టూ పాలలాగా మబ్బు కమ్మితే సోడియం ఎక్కువైందని అనుమానించాలి. జిప్సం వేసి, మంచి నీళ్లు పెట్టి కడిగితే నేల కొంత బాగవుతుంది. కానీ మంచి నీళ్లు ఏవి?

మనం తాగేది ఎక్కువగా ఉజని నీళ్లు. భీమా నది మీద ఆనకట్ట అది. పైన పుణె, పింప్రీ చించ్‌వడ్ నగరాల మురుగు ముళా ముఠా నదుల్లో కలిసి, భీమాలోకి వచ్చి, ఉజనిలో చేరుతుంది. నీళ్లు పచ్చగా ఉన్నాయని, వాసన వస్తోందని మనం పుణెవాళ్లను తిట్టుకుంటాం. న్యాయమే. అయితే మన నీళ్లు ఎటు పోతున్నాయి? సీనా నదికి. సీనా కూడల్ దగ్గర భీమాలో కలుస్తుంది. భీమా కర్ణాటక దాటి, పాలమూరు సరిహద్దులో కృష్ణలో కలుస్తుంది. ఆ కింద శ్రీశైలం, ఆ తర్వాత నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్. మన తాతలు మగ్గం పట్టుకుని ఏ పాలమూరు, ఏ నల్లగొండ నుంచి ఇక్కడికి వచ్చారో, మన నీళ్లు అటే పోతున్నాయి. దారిలో ఎన్నో వాగులు కలిసి పలచబడతాయి, నిజమే. సీనా ఒడ్డున ఉన్న రైతుకు మాత్రం పలచబడవు.

ఇప్పుడు వెనుక కూర్చున్న అన్నలు ఏమనుకుంటున్నారో మాకు తెలుసు. ‘వీళ్ల మాట వింటే కార్ఖానా మూస్తారు, మా కూలి పోతుంది.’ ఆ భయం ఉత్తది కాదు. తమిళనాడులో తిరుప్పూరు ఉంది. అక్కడి అద్దకం నీళ్లతో నొయ్యల్ నది పాడైంది, ఒరత్తుపాళయం ఆనకట్ట కింద పొలాలు చెడ్డాయి. రైతులు కోర్టుకు వెళ్లారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూయమంది. పనివాళ్లు నెలల తరబడి ఇబ్బంది పడ్డారు. ఆ తర్వాతే నీళ్లను వడగట్టి, మరిగించి, ఉప్పును వేరుచేసి, మళ్లీ తొట్టికి వాడుకునే పద్ధతి బలపడింది. ఖర్చు ఎక్కువే. నాలుగు తొట్లున్న చిన్నవాడు ఒక్కడే భరించలేడు, పది మంది కలిసి ఒక ప్లాంటు పెట్టుకోవాలి, సర్కారు సాయం చేయాలి. పాడుచేసినవాడే ఖర్చు పెట్టుకోవాలని సుప్రీం కోర్టు 1996లోనే స్పష్టంగా చెప్పింది. ఆ పాడుచేసినవాడు ఎవరు? రోజుకూలీ మీద తొట్టి కలిపేవాడు మాత్రం కాదు. చౌక టవలు అడిగే పెద్ద కొనుగోలుదారు మీద కూడా ఆ ఖర్చులో వాటా పడాలని మా అభిప్రాయం.

పూర్వం యెరికో పట్టణంవాళ్లు ఎలీషా దగ్గరకు వచ్చి, మా ఊరు బాగుంది గానీ నీళ్లు మంచివి కావని వాళ్లంతట వాళ్లే చెప్పుకున్నారు. ఆయన ఆ ఊటలో ఉప్పు వేసి బాగుచేశాడని చదువుతాం. మనకు ఉప్పే రోగమైంది గనుక, పని కొంచెం కష్టం.

మేము ఒక చిన్న మీటరు తెచ్చాం. నీళ్లలో ముంచితే కరిగిన లవణాలు ఎన్నో చూపిస్తుంది. వచ్చే ఆదివారం ప్రతి ఒక్కరూ రెండు సీసాలు తెండి: ఒకటి నల్లా నీళ్లు, ఒకటి మీ గల్లీ బోరు నీళ్లు. సీసా మూడుసార్లు అదే నీళ్లతో కడిగి నింపండి. మీద గల్లీ, తారీఖు, గంట రాయండి. బోరు ఎవరిదో రాయొద్దు, పక్కింటివాళ్లతో తగవు మనకెందుకు. మోరీ నీళ్లలో చేతులు పెట్టొద్దు. అంకెలన్నీ ఒక్క నోటు పుస్తకంలో రాద్దాం, వానలు పడ్డాక మళ్లీ కొలుద్దాం. లెక్క రాసే పని ఎనిమిదో తరగతి చెల్లెళ్లది.