మండపం ఛాయలు



కృష్ణా తుంగభద్రల కూడలిలోని చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయానికి శ్రీశైలం జలాశయం వల్ల ముంపు వచ్చినపుడు, రాతిరాతికీ అంకె వేసి విప్పి, అలంపురంలో తిరిగి నిలిపినారు. ఆ రాళ్లు ఏ వరుసలో ఉండెనో అంకెలు చెప్పినవి. వాటి నడుమ మసలిన మనుషుల మాట అంకెలు చెప్పవు గదా! అలంపురం పండితులు గడియారం రామకృష్ణశర్మగారి స్వీయచరిత్ర ‘శతపత్రము’ ఆ సీమ మనుషుల నెందరినో మనకు మిగిల్చినది. 2007లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. అట్టి కలం ప్రతి ఊరికీ దొరకదు.

మన ఆలయ పాత మండపమును విప్పునపుడు రాళ్లకు అంకెలూ వేయలేదు, ఒక్క ఛాయాచిత్రమూ తీయలేదు. ఆ లోపం మాదే. దాని ముందు దిగిన పెళ్లి ఫోటో మీ ఇంట ట్రంకుపెట్టెలో నున్నచో, పెద్దలనడిగి వెనుకవైపు పేర్లు, సంవత్సరము పెన్సిలుతో వ్రాసి, ఒకసారి ఆలయమునకు తెండు. నకలు తీసుకొని అప్పుడే తిరిగి ఇచ్చెదము.