చోటు చాలనప్పుడు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ యిరువదియైదేండ్లలో మన గ్రంథాలయమున పుస్తకములు పెరిగినవి, గోడలు పెరుగలేదు. పాతవానిని కాగితపు తూకమునకు అమ్మివేయుదమని కొందరు సభ్యులు సూచించియున్నారు. ఆ మాట తేల్చుటకు ముందు, ఇట్టి యిరుకులోనే చిక్కి బయటపడిన ఒక యంత్రము కథను విన్నవింతును.

1981లో ఐ.బి.ఎమ్. సంస్థ వ్యక్తిగత కంప్యూటరును వెలువరించెను. అందలి ఇంటెల్ 8088 ప్రాసెసరునకు చిరునామా తీగెలు 20. ఒక్కొక్క తీగెకు రెండేసి స్థితులు గనుక, రెండును ఇరువది మారులు వేసి హెచ్చింపగా 10,48,576 గదులు తేలును; అనగా 1,024 కిలోబైట్లు. అందు 384 కిలోబైట్లు తెర మొదలగు యంత్రాంగమునకు ప్రత్యేకింపబడెను. ప్రోగ్రాములకును లెక్కలకును మిగిలినవి 640. అంతకు మించి మెమరీ కొని తెచ్చినను, దానికి చిరునామా లేదు గనుక యంత్రమునకు కానరాదు.

ఇది చిన్న చిక్కు కాదు. మిర్చి కొట్టు లెక్కలో రైతు పేరు, టిక్కీల సంఖ్య, తూకము, ధర, చెల్లింపు అను వరుసలు వేలకొలదిగా చేరును. నేను యౌవనమున ఒక కొట్టులో లెక్కలు చూచునాడు, సీజను నడుమ మెమరీ నిండినదని తెరపై కానవచ్చెడిది. పట్టీ కొరకు వచ్చిన రైతు అరుగుపై కాచుకొని యుండెడివాడు.

1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు మూడును కూడి ‘ఎక్స్‌పాండెడ్ మెమరీ’ అను ప్రమాణమును ఏర్పరచెను. దాని కీలకము మన యిండ్లలో నున్నదే. ఆంధ్ర మహాభారతము పదునెనిమిది పర్వములు. వ్యాసపీఠముపై పట్టునది ఒక్క సంపుటము. పీఠము చిన్నదని భారతమును కోసివేయువాడు లేడు. విరాటపర్వము చదువునపుడు అరణ్యపర్వము బీరువాలో నుండును.

యంత్రములోని వ్యాసపీఠము 64 కిలోబైట్ల కిటికీ. అందు 16 కిలోబైట్ల పుటలు నాలుగు పట్టును. వేరొక కార్డుపై 8 మెగాబైట్లు, అనగా 512 పుటలు, నిలువయుండవచ్చును. ప్రోగ్రాము ఫలానా పుట కావలెనని అడుగగా, ఆ పుట కిటికీలో కనబడును. నిజమునకు పుట కదలదు; దానికి పోవు దారి మాత్రమే మారును. అందుచేత జాప్యము స్వల్పము. 1987లో వచ్చిన నాలుగవ ప్రమాణము ఈ నిలువను 32 మెగాబైట్లకు పెంచెను.

కార్డులు ఖరీదైనవి. అంతట అనుకరణ ప్రోగ్రాములు పుట్టినవి. ఇంటెల్ 80386 ప్రాసెసరు పుటల దారి మార్చు విద్యను తనయందే కలిగియుండెను. దాని నాధారము చేసికొని ‘క్యూఇఎమ్ఎమ్’ వంటివియు, 1991లో ఎమ్.ఎస్. డాస్ 5తో వచ్చిన ‘ఇఎమ్ఎమ్386’యు, కార్డు లేకయే కార్డు పని చేసినవి. కొన్ని అనుకరణలు డిస్కునే మెమరీగా చూపెను. పని జరిగెడిది గాని, పొరుగూరికి పోయి పుస్తకము తెచ్చినంత ఆలస్యము.

అనుకరణ చెల్లుటకు కారణమేమి? ప్రమాణము కార్డు రూపమును గాక, ఏ ప్రశ్నకు ఏ జవాబు రావలెనో దానిని నిర్ణయించెను. జవాబు సరిగా వచ్చినంతకాలము, వెనుక నున్నది కార్డో, మరొకటో, ప్రోగ్రామునకు పనిలేదు.

నేడు నాలుగు గిగాబైట్ల సెల్‌ఫోను మెమరీ ఆనాటి 640 కిలోబైట్లకు 6,553 రెట్లకు మించినది. ఆ కార్డుల కాలము గతించినది. వాని యుక్తి మాత్రము మనకు పనికివచ్చును. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను దాచినందుననే పరిశోధకులు అచ్చటికి పోవుచున్నారు. దాచినవాడే అడిగినపుడు ఈయగలడు.

కావున నా మనవి యిది. తరచుగా చదువు పుస్తకములు ఈ గదిలో నుండవలెను. తక్కినవి, చెమ్మయు చెదయు లేని చోట, సంఖ్యలు వేసిన పెట్టెలలో నుండవలెను. ఏ పుస్తకము ఏ పెట్టెలో నున్నదో తెలుపు పట్టిక మాత్రము ఈ గది దాటరాదు. అది పోయిన, పుస్తకములున్నను లేనట్లే. అడిగిన పాఠకునకు మరునాటి సాయంకాలము లోపల పుస్తకము అందవలెను. అందినచో, అది ఏ పెట్టెనుండి వచ్చినదో అతడు విచారింపడు.

ఆ పట్టిక వ్రాయు పని నేను వహింతును. పెట్టెలకు చోటు చూపు భారము మీది. సెలవు.