చదువుకొన్నవారి వ్రాత
(బెజవాడ మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



విద్యార్థివేతనములకై మాకు వచ్చు విన్నపములను చదువునపుడెల్ల మాకొక చింత కలుగుచున్నది. కళాశాలలో చదువు బాలుడు తన తండ్రికిగల రెండెకరముల మాగాణి సంగతియు, కాలువ చివర నీరందని సంగతియు నోట జెప్పినచో మన కన్నులు చెమర్చును. కాగితముపై బెట్టగానే యెవరో వ్రాసియిచ్చిన నమూనాయే మిగులును. గడచిన యేడు అట్లే యొక నిరుపేద బాలుని విన్నపమును ప్రక్కన బెట్టితిమి. తప్పు మాదే.

ఇది క్రొత్త చిక్కు కాదు. మదరాసు విశ్వవిద్యాలయమువారు విద్యార్థులు తెలుగు వ్యాసములనే భాషలో వ్రాయవలెనని విచారించినపుడు, 1914లో గురజాడ అప్పారావుగారు తమ యసమ్మతిపత్రమును సమర్పించిరి. గిడుగు రామమూర్తి పంతులుగారిదియు నదే పక్షము. బాలుడు తానెఱిగిన మాటలలో వ్రాయనేర్వవలెనని వారి వాదము. (మేము గ్రాంథికమున నేల చదువుచున్నామని యడుగకుడు, అలవాటు.)

మాటలు తెలిసినంతమాత్రమున వ్రాత రాదు. అమెరికాలో నాన్సీ సామర్స్ అను విదుషి 20 మంది విద్యార్థులను, 20 మంది యనుభవజ్ఞులను పరిశీలించి 1980లో ఫలితములను ప్రకటించెను. దిద్దుమన్నచో విద్యార్థులు మాటకు మాట మార్చిరి. అనుభవజ్ఞులు తాము చెప్పదలచినదేమో మరల వెదకి, వ్యాసస్వరూపమునే మార్చిరి.

కావున ఇకమీదట ప్రతి విన్నపమును ఒకమారు త్రిప్పి పంపి, "నీ సంగతి నీవు చెప్పుము" అని మరల వ్రాయించవలెను. కూర్చుండి చదివి, ప్రశ్నలడుగుటకు మన వకీళ్లును అధ్యాపకులును నెలకొక సాయంత్రమీయవలెను. ధనమిచ్చు దాతలు మనకు కలరు. సాయంత్రమిచ్చువారి పేళ్లను ఈ సభ ముగియులోపల మేము వ్రాసికొందుము.