చలికాలంలో మోటారు సైకిలు ప్రయాణం
(ఆసుపత్రి వెయిటింగు హాలులో రోగుల బంధువులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం గేటు దగ్గర నిలబడి చూశాను. ఓ.పీ. చీటీ కోసం ఏడు గంటల లోపే వచ్చినవారిలో ఎక్కువమంది మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. ఒక బండి మీద ముగ్గురు. నడిపే ఆయనకు చొక్కా మీద ఏమీ లేదు. మధ్యలో జ్వరంతో ఉన్న అవ్వ, వెనక ఆమెను పట్టుకున్న కోడలు. ఆ అవ్వ కోసం ఆయన తన కంబళి ఇచ్చేశాడు. ప్రేమ అంటే అదే, కాదనను. కానీ బండి దిగాక ఆయన స్టాండు వేయలేకపోయాడు. వేళ్ళు వంగడం లేదు. ఆ వేళ్ళతోనే ఇంత దూరం బ్రేకు పట్టుకుని వచ్చాడన్న మాట. ఈ రోజు మాట్లాడాలనుకున్నది ఆ వేళ్ళ గురించే.

“మన ముదిగుబ్బలో చలేమిటి సార్, చలి ఉండేది ఢిల్లీలో కదా” అని కొందరు నవ్వుతారు. మనది మెట్ట ప్రాంతం. గాలిలో తేమ తక్కువ, ఆకాశంలో మబ్బు తక్కువ. పగలంతా నేల తీసుకున్న వేడి రాత్రి తొందరగా పైకి వెళ్ళిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరిలో మధ్యాహ్నం 30 డిగ్రీల దాకా ఎండ కాసినా, తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగుతుంది. కొన్ని రోజులు ఇంకా తక్కువ. మధ్యాహ్నం ఎండను చూసి స్వెట్టరు కొనని వాళ్ళం మనం. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

రెండో సంగతి గాలి. మన ఒంటి చుట్టూ ఒంటి వేడితో వెచ్చబడిన పలుచని గాలి పొర ఒకటి ఉంటుంది. నిలబడి ఉంటే అది మనల్ని కాపాడుతుంది. బండి వేగంగా పోతే ఆ పొర కొట్టుకుపోతుంది. కెనడా, అమెరికా శాస్త్రవేత్తలు 2001లో దీనికి ఒక లెక్క కట్టారు. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి 5, 6 డిగ్రీల చలిలో ఉన్నట్టు ఉంటుంది. బట్టలు మంచుకు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. ముదిగుబ్బ నుండి కదిరికి 42వ జాతీయ రహదారి మీద సుమారు 30 కిలోమీటర్లు. ముక్కాలు గంట ఆ గాలిలో కూర్చోవడమంటే శరీరానికి చిన్న పని కాదు.

చలికి శరీరం ముందు గుండెను, మెదడును కాపాడుకుంటుంది. అందుకని చేతుల్లో, కాళ్ళలో రక్తనాళాలను బిగిస్తుంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. ఎదురుగా వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉందనుకోండి. అర సెకను ఆలస్యమైనా 7 మీటర్లు. మనిషి ప్రాణం అందులో పోతుంది. చెరువు కట్టల మీద, యోగి వేమన జలాశయం దాపుల పొగమంచు పట్టిన రోజు సంగతి చెప్పనక్కరలేదు.

కాబట్టి ముందు చేతులకు తొడుగులు. తోలువి కొనలేకపోతే ఉన్ని తొడుగుల మీద ప్లాస్టిక్ కవరు కట్టుకున్నా గాలి ఆగుతుంది. కానీ బ్రేకు, క్లచ్ పట్టు జారకుండా చూసుకోండి. ఛాతీకి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. పాత దినపత్రిక నాలుగు మడతలు పెట్టి చొక్కాకు, స్వెట్టరుకు మధ్య పెట్టుకోండి. నవ్వకండి. సైకిలు పందేల వాళ్ళు కొండ దిగేటప్పుడు చేసిన పనే ఇది. స్వెట్టరు వేడిని నిలుపుతుంది గాని గాలిని ఆపదు, కాగితం ఆపుతుంది. పది, పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆగండి. చేతులు చంకల్లో పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడండి, వేడిగా టీ తాగండి. సారా మాత్రం వద్దు. అది చర్మం కింద నాళాలను వదులు చేస్తుంది. ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుంది గాని, లోపలి వేడి అంతా బయటికి పోతుంది. బండి నడిపేవాడికి అది వేరే విధంగా కూడా మృత్యువే.

హెల్మెట్ గురించి మీరు పోలీసుల దగ్గర విన్నారు. నేను చెప్పేది వేరు. చలికాలంలో చెవులకు, తలకు అంతకంటే మంచి టోపీ లేదు. కానీ లోపల లావు మంకీ క్యాపు, తువ్వాలు చుట్టి పైన హెల్మెట్ పెడితే అది కుదురుగా కూర్చోదు, పడ్డప్పుడు ఊడిపోతుంది. పలుచని నూలు గుడ్డ చాలు. అద్దానికి ఆవిరి పడితే కొంచెం సబ్బు రుద్ది పొడి గుడ్డతో తుడవండి, ఒక వేలెడు సందు తెరిచి ఉంచండి. మఫ్లరు, పైట, చున్నీ కొసలు వెనక వేలాడనీయవద్దు. ఇసడోరా డంకన్ అనే పేరు పొందిన నర్తకి 1927లో ఫ్రాన్సులో కారులో పోతుండగా, మెడలోని పొడుగాటి శాలువా చక్రంలో చిక్కుకుని చనిపోయింది. మన దగ్గర ఆ పని మోటారు సైకిలు చక్రం చేస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తాను. కొన్నేళ్ళ కింద ఒక జనవరి ఉదయం, కాన్పయిన ఐదో రోజు ఒక బిడ్డను తల్లి ఒడిలో పెట్టుకుని బండి మీద తెచ్చారు. “పాలు తాగడం లేదు, ఏడవడం లేదు, నిద్ర పోతోంది” అన్నారు. పట్టి చూస్తే పాదాలు, పొట్ట రెండూ చల్లగా ఉన్నాయి. థర్మామీటరు 34 డిగ్రీలు చూపింది. పసిబిడ్డకు 36.5 నుండి 37.5 దాకా ఉండాలి. ఆ బిడ్డ నిద్ర పోవడం లేదు, చలికి సొమ్మసిల్లుతోంది. వాళ్ళు శ్రద్ధ లేనివాళ్ళు కారు. మూడు తువ్వాళ్ళు చుట్టారు. కానీ తలకు టోపీ లేదు, లోపలి గుడ్డ తడిసి ఉంది. తల్లి చర్మానికి బిడ్డను ఆనించి, పైన దుప్పటి కప్పి, గది వెచ్చగా ఉంచితే నాలుగు గంటలకు పాలు పట్టింది. తల్లి రొమ్ముకు ఆనించుకునే ఈ పద్ధతిని 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో, వేడి పెట్టెలు చాలక డాక్టర్లు మొదలుపెట్టారు. ఈ రోజు ప్రపంచమంతా చేస్తున్నారు. ఖర్చు లేదు.

ఇంట్లో మీరే చూసుకోండి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి మొదలైంది, తల్లికి ఆనించండి. రెండూ చల్లగా ఉంటే వెంటనే ఆసుపత్రి. అయితే బండి మీద కాదు. 108కి ఫోను చేయండి, లేదా పక్కలకు గుడ్డ దించిన ఆటో మాట్లాడుకోండి. బిడ్డ ముఖం మాత్రం కప్పకండి, ఊపిరి ఆడదు. తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే, పెద్దవారికి కట్టి ఉంచే బెల్టు, పిల్లల హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటరాదని 2023 ఫిబ్రవరి నుండి నియమం వచ్చింది. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు హెల్మెట్ సంగతి అందులో లేదు. మా మాట మటుకు ఒకటే, తీసుకెళ్ళవద్దు.

పెద్దవారి విషయం. చలికి నాళాలు బిగిస్తే రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని పెరుగుతుంది. గుండెపోట్లు చలికాలం ఉదయాల్లో ఎక్కువగా వస్తాయి. “చలిగాలి తగిలి ఛాతీ పట్టేసింది, జెండూబామ్ రాశాము” అని మధ్యాహ్నానికి వచ్చేవారు ఉన్నారు. ఛాతీ మధ్యలో బరువు, చెమట, ఎడమ చేతికో దవడకో లాగడం ఉంటే బామ్‌తో ఆగకండి. ఇ.సి.జి. తీయించండి. ఆ మనిషిని మీ వెనక కూర్చోబెట్టి తీసుకురావద్దు. దారిలో స్పృహ తప్పితే పట్టుకునేవారుండరు. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి, పీల్చే మందు జేబులో ఉంచుకోండి. చల్లని పొడి గాలి గొట్టాలను బిగిస్తుంది.

“గాలి కొట్టి మూతి వంకర పోయింది” అని వస్తారు. నిజానికి దానికి చలిగాలే కారణమని తేలలేదు. ముఖపు నరం వాచడం వల్ల వస్తుంది, కొన్ని వైరసుల పాత్ర ఉందని అనుమానం. ముఖంలో ఒక పక్క నుదురు కూడా ముడత పడకపోతే, కన్ను మూయలేకపోతే అది చాలావరకు ఇదే. మూడు రోజుల లోపు మాత్రలు మొదలుపెడితే బాగవుతుంది. పసరుకని తిరిగి ఆ మూడు రోజులు పోగొట్టుకోకండి. నుదురు ముడత పడుతూ మూతి మాత్రమే వంకర పోతే, లేదా చేయి పడిపోయి మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు. అప్పుడు రోజులు కాదు, నాలుగున్నర గంటల లెక్క. తేడా తెలియకపోతే మీరు తేల్చుకోవద్దు, వెంటనే రండి.

మధుమేహం ఉన్నవారికి ఒక మాట. బండి దిగి గేటు బయట చలిమంట దగ్గర కాళ్ళు చాపుతారు. పాదానికి స్పర్శ లేనివాడికి కాలినా తెలియదు. సైలెన్సరు తగిలినా తెలియదు. సాయంత్రం సాక్సు విప్పితే బొబ్బ కనబడుతుంది. ఆ బొబ్బ పుండై వేలు తీయాల్సి వచ్చినవారిని మన వార్డులోనే చూశాము. చేతులు కాచుకోండి, కాళ్ళు దూరంగా ఉంచండి.

చివరిగా, క్రిస్మస్ రాత్రి ఆరాధనకు, పండుగ తిరునాళ్ళకు పిల్లలతో బండి మీద వెళ్ళేవారు అర్ధరాత్రి తిరిగి బయలుదేరకుండా బంధువుల ఇంట్లో ఆగండి. డిశ్చార్జి అయిన రోగిని కూడా పొద్దున్నే తీసుకెళ్ళాలని తొందరపడకండి. తొమ్మిది గంటలు దాటి ఎండ వచ్చాక పంపించమని సిస్టరుగారిని అడగండి, పంపిస్తారు. చీటీలు పదింటి దాకా ఇస్తారు. చీకట్లో బయలుదేరి రావలసిన పని లేదు.

ఇక మీ సందేహాలు అడగండి. ఆ మూల చేయి ఎత్తిన పెద్దాయన ముందు.